జమేదారు ఉరకాలె

తుమ్మలగడ్డలో యుద్ధం గెలవాలంటే దర్జీ పాపయ్య పరుగెత్తాలి. వేరే దారి లేదు.

మామూలు రోజుల్లో పాపయ్యను చూసినవాళ్ళెవరూ ఈ మాట నమ్మరు. జఫర్‌గఢ్ నుంచి ఊళ్ళోకి వచ్చే రోడ్డు పక్కన, కిరాణా కొట్టుకూ పాల కేంద్రానికీ నడుమ ఒక ఇరుకు గది. అందులో ఒక కుట్టు మిషను, ఒక ఇస్త్రీ పెట్టె, దండెం మీద కాజాలు పడాల్సిన బడిపిల్లల చొక్కాలు, వాటి వెనక ఎక్కడో పాపయ్య. మనిషి బొత్తిగా మెత్తన. జాకెట్టు చేతులు బిగుతయ్యాయని ఎవరన్నా గొంతు లేపితే, "నీ చేతులు మంచిగనే ఉన్నయక్కా, నా టేపుకే పొగరు" అని అక్కడికక్కడే కుట్లు విప్పేవాడు. దారికి కోడి అడ్డం వస్తే అది పోయేదాకా ఆగేవాడు. ఇంట్లో భార్య యాకమ్మ మాట్లాడుతుంటే ఊఁ కొట్టడానికి కూడా సందు చూసుకునేవాడు.

అంతటి పాపయ్య ఏడాదికి ఒక సాయంత్రం ఊరంతటినీ హడలగొట్టేవాడు.

వెనకటి సాయుధ పోరాటం రోజుల్లో ఈ ఊరివాళ్ళు గడి మీద తిరగబడ్డారు. గడి అంటే దొర ఉండే కోటలాంటి ఇల్లు. ఇప్పుడు ముందు గోడా, గుమ్మమూ, లోపల సర్కారు తుమ్మా మిగిలాయి. దొర దగ్గరి తుపాకీ మనుషులకు పెద్దను జమేదారు అనేవారు. ఆ జమేదారు ఆ రోజు జనం ముందు నుంచి కాలి బూటు కూడా వదిలేసి పారిపోయాడు. ఏటా వానాకాలం వరికోతలయ్యాక ఒక రోజు చూసుకుని, ఊరు ఊరంతా ఆ యుద్ధాన్ని అదే గడి ముందు మళ్ళీ ఆడుతుంది. వడిసెల తిప్పేది కుర్రాళ్ళు, కారానికి బదులు పసుపు చల్లేది ఆడవాళ్ళు, డప్పు ఇమ్మానుయేల్ జట్టుది. బరిసె పట్టుకుని దళానికి ముందు నడిచేది తండా నుంచి జైసింగ్. పారిపోయే జమేదారు పాపయ్య. వయసులో ఉండగా ఎవరూ ఒప్పుకోని వేషమని అతనికి అంటగట్టారు. అరవై దాటినా అతను దాన్ని వదల్లేదు.

ఎందుకు వదలాలి? ఖాకీ బట్టలు తనే కుట్టుకున్నాడు. ఏటేటా నడుం దగ్గర కాస్త వదులు చేస్తూ వస్తున్నాడు. మీసం అంటించుకుని, తలపాగా చుట్టి, గడి గుమ్మంలోకి వచ్చి, "ఎవడ్రా శిస్తియ్యనన్నోడు! ముందటికి రా!" అని ఉరిమితే పిల్లలు తల్లుల కొంగుల్లో దూరేవారు. నిన్న జాకెట్టు మొహాన కొట్టిపోయిన అక్క కూడా ఒకడుగు వెనక్కి వేసేది. ఆ ఒక్క అడుగు చాలు, పాపయ్యకు ఏడాదంతా.

అయితే అతని అసలు విద్య ఉరమడంలో లేదు, ఉరకడంలో ఉంది. ముందు కొన్ని అడుగులు దర్జాగా వెనక్కి వేస్తాడు. ఓరగా ఒకసారి పక్కకు చూస్తాడు. ఆ తర్వాత తలపాగా ఒక చేత్తో పట్టుకుని ఒకటే పరుగు. బూట్లు కావాలనే పెద్ద సైజువి కొన్నాడు. గౌండ్లవాడ మలుపు తిరిగేసరికి ఎడమకాలిది దానంతట అదే ఊడిపడాలి. ఆ బూటును ఊరి ఆడవాళ్ళు చీపుళ్ళతో కొట్టడం ఆచారం. మొదటి దెబ్బ యాకమ్మది. ఏడాదంతా నోటితో చేసే పని ఆ రోజు చీపురుతో చేస్తుందని కిట్టనివాళ్ళు అనేవారు. బూటు అక్కడ వదిలి, ఊరి చివర ఒర్రె దాకా ఉరికి, ఒక్క దూకులో ఆ నీళ్ళు దాటేసి అటువైపు తుమ్మల్లో మాయమవుతాడు. జైసింగ్ ఒర్రె గట్టున నిలబడి బరిసె పైకెత్తుతాడు. అంతటితో గెలుపు.

దీనికంతటికీ అర్థం చెప్పేవాడు భూపాల్‌రెడ్డి సారు. జనగామలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, ఉత్సవ కమిటీకి పెద్ద. ఏటా మైకు పట్టుకుని ఆయన చెప్పే మాట ఒకటే.

"పోరాటంల పెద్దపెద్ద లడాయిలు మస్తుగ జరిగినయి. గని మన దిక్కు పోరాటం మలుపు తిరిగింది మన ఊర్ల. ఎందుకు? ఇక్కడ మస్తు మంది సచ్చిండ్రా? లే. మస్తు తుపాకులు దొరికినయా? రెండు దొరికినయి, ఒకటి పేలది. మరి ఏమైంది? జమేదారు ఉరుకుడు జనం కండ్ల చూసిండ్రు! అప్పటిదాంక ఉరికేది మనం, ఉరికిచ్చేది వాడు. ఆ పొద్దు భయం ఇల్లు మారింది. గా బూటు ముచ్చట తెల్లారేసరికి సుట్టుపక్కల ఊర్లకు పోయింది. ఇన్నోళ్ళందరు, మా ఊరి జమేదారుకు గూడ రెండు కాళ్ళే గదా ఉన్నయి, అనుకున్నరు. గంతే!"

సారు వాళ్ళ తాత ఆ రోజు గడి లోపలే ఉన్నాడనీ, వెనక గోడ దూకి పోయాడనీ ఊళ్ళో ఒక గుసగుస ఉంది. అది సారు ఉపన్యాసంలో రాదు. ఊరివాళ్ళూ అడగరు. ఎవరి తాత ఏ గోడ దూకాడో తవ్వుకుంటూ పోతే ఉత్సవానికి కుర్చీలు వేసేవాళ్ళు మిగలరు.

ఆ ఉపన్యాసం విన్న ప్రతిసారీ పాపయ్య తన కాళ్ళ వైపు ఒకసారి చూసుకునేవాడు. పోరాటం మలుపు తిరిగింది వీటి మీదే కదా అని లోలోపల కొంచెం పొంగేవాడు. ఆ పొంగులో ఒకసారి టేకుమట్ల వాళ్ళు పిలిస్తే అక్కడా ఆడొచ్చాడు. ఆడాడు బాగానే. కాని పారిపోయేటప్పుడు ఆ ఊరి సందులు తెలియక, నాలుగు మలుపులు తిరిగేసరికి వెంటపడ్డవాళ్ళకు కనబడకుండా తనే తప్పిపోయాడు. చివరికి బస్టాండు హోటల్లో ఖాకీలతో, ఒంటి బూటుతో చాయ్ తాగుతూ దొరికాడు. హోటలతను పోలీసనుకుని బిస్కెట్టు కూడా పెట్టాడట.

ఇక అసలు సంగతికి వస్తే, మూడేళ్ళుగా పాపయ్య కుడి మోకాలు మొండికేసింది.

మొదట తెలిసింది భూపాలపల్లిలో. కూతురు సౌమ్య అక్కడ బొగ్గు గనుల క్వార్టర్లలో పై అంతస్తులో ఉంటుంది. మెట్లెక్కుతూ సగంలో మోకాలు పట్టేసింది. నలుగురూ దిగుతూ ఎక్కుతూ ఉన్నారు. ఏం చేయాలో తోచక, మెట్టు మీద కూర్చుని ఫోను తీసి, చాలా ముఖ్యమైనది చదువుతున్నట్టు మొహం పెట్టాడు. పక్కింటావిడ వంగి చూసి, "కాకా, ఫోను తలకిందులుంది" అంది. అప్పటి నుంచి కూతురింటికి వెళ్ళమంటే ఆ ఊళ్ళో బొగ్గు దుమ్ము పడదనేవాడు.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే యాకమ్మ ఊరందరికీ చెబుతుంది, ఊరు కమిటీకి చెబుతుంది, కమిటీ వేషం పీకేస్తుంది. వేషం పోతే ఇక పాపయ్య ఎవరు? టేపు మెళ్ళో వేసుకుని కోడి పోయేదాకా ఆగేవాడు, అంతే.

ఈ ఏడు కమిటీ పంచాయతీ ఆఫీసు ముందు కూర్చున్నప్పుడు అనుకున్నంతా అయింది. జనగామలో సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేసే శ్రావణ్ లేచాడు. పొద్దునా సాయంత్రం జిమ్ముకు పోయే పిల్లవాడు. చొక్కా భుజాల దగ్గర బిగుతుగా కుట్టమని పాపయ్య ప్రాణం తీసేవాడూ వాడే.

"సార్, ఈసారి జమేదారు నేను చేస్త. కాకా ఇన్నేండ్లు మస్తు చేసిండు, ఇగ రెస్టిద్దాం. నేనైతే ఒక్కన్నే పదిమందిని కొట్టి, ఆఖరుకు ఛాతిల బరిసె దిగినంక, గిట్ల..." అంటూ కళ్ళు తేలేసి మెల్లగా ఒక పక్కకు ఒరిగి చూపించాడు. కుర్రాళ్ళు ఈలలు వేశారు.

పాపయ్య గబుక్కున తలెత్తాడు. "సస్తవా?" అన్నాడు.

"సావనా మరి? స్లోమోషన్ల సస్త కాకా. వీడియో పెడితె జనగామంత చూస్తది."

"సస్తెట్లరా బిడ్డా? జమేదారు సస్తె జనం అయ్యో అంటరు. అయ్యో అన్నంక ఇగ గెలుసుడేడిది? వాడు ఉరకాలె. బూటిడిసిపెట్టి, సిగ్గిడిసిపెట్టి ఉరకాలె."

"ఉరుకుడేంది కాకా, పరువు తక్కువ!"

"పరువు పోవాల్సింది వానిది! నీదెందుకు అడ్డం పెడ్తున్నవ్?"

భూపాల్‌రెడ్డి సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "పాపయ్య చెప్పింది పాయింటే. గని పాపయ్యా, ఏమనుకోకు, నిరుడు నీ ఉరుకుడు జర సల్లవడ్డది. ఒర్రెల గూడ దూకలే, దిగి నడిసినవ్."

"బూటు కొత్తది సారు. కరిసింది."

"అంతకు ముందేడు?"

"అప్పుడు పాతది. ఊసిపోయింది."

అందరూ నవ్వారు. సారు నవ్వి, తీర్పు చెప్పాడు. "సరే, ఈ ఒక్క యేడు చూద్దాం. సక్కగ పారిపోయినవా, వేషం నీది. పోలేదా, మీదికేడు సంది శ్రావణ్‌ది. వాడు సస్తడో ఉరుకుతడో వాని ఇష్టం."

మర్నాడే పాపయ్య గుండీలు కొనుక్కొస్తానని చెప్పి మహబూబాబాద్ బస్సెక్కాడు. జనగామకు పోతే ఏ చౌరస్తాలో చూసినా సగం మంది తుమ్మలగడ్డ వాళ్ళే కనిపిస్తారు. మహబూబాబాద్, అంటే ఊరివాళ్ళ నోట మానుకోట, అయితే తెలిసిన మొహం ఉండదు. అక్కడొక ఎముకల దవాఖాన వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. పక్కన ఒక మనిషి తువ్వాలు మొహం మీద కప్పుకుని ఉన్నాడు. తువ్వాలు కింద నుంచి కనిపిస్తున్న మీసాన్ని పాపయ్య ఎక్కడో చూశాడు. ఏటా తన వెనకాలే వచ్చే మీసం అది.

"జైసింగూ?"

తువ్వాలు జారింది. దళానికి ముందు నడిచే జైసింగ్ ఉలిక్కిపడ్డాడు. "పాపన్నా! నువ్వేంది గీడ?"

"నేనా? గుండీలకొచ్చిన."

"గుండీలు దవాఖానల అమ్ముతున్నరా?"

"నువ్వెందుకొచ్చినవ్ మరి?"

"మా సుట్టాన్ని సూడొచ్చిన."

"ఏ సుట్టం?"

జైసింగ్ అటూ ఇటూ చూసి, కట్టుతో కూర్చున్న ఒక ముసలాయన వైపు వేలు చూపించాడు. ఆ ముసలాయన "ఎవరు నువ్వు?" అన్నాడు. అంతలో లోపలి నుంచి కాంపౌండరు తలుపు తీసి, వరండా దద్దరిల్లేలా పిలిచాడు. "మోకాలు నొప్పి పాపయ్య! మోకాలు నొప్పి జైసింగ్!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఎన్నేండ్ల సంది?" అన్నాడు పాపయ్య.

"మూడేండ్లు. నీకు?"

"నాకు గూడ గంతే. అరె, మూడేండ్ల సంది నువ్వు నన్ను అందుకోకపోతుంటె, నా ఉరుకుడే అట్లుందనుకున్న గదనే!"

"నేనేమో నువ్వు మెల్లగైతుంటె, జైసింగు ముసలోడైండని దయదలుస్తున్నవనుకున్న. లోపల మస్తు కోపమస్తుండె నాకు."

డాక్టరు పాపయ్య మోకాలు నొక్కి, వంచి, స్కానింగ్ తీయించి, లోపల మెత్తటి పొర చిరిగిందన్నాడు. చిన్న ఆపరేషన్‌తో నయమవుతుందనీ, ఆ తర్వాత మళ్ళీ పరుగెత్తవచ్చనీ, అప్పటిదాకా పరుగు మాట ఎత్తొద్దనీ చెప్పాడు. జైసింగ్‌ది అరుగుదల, అతనికి మందులూ, గోడ పట్టుకుని చేసే కసరత్తూ రాసిచ్చాడు. యుద్ధానికి పదిరోజులు కూడా లేవు.

బస్టాండు బయట చాయ్ తాగుతుండగా ఉపాయం తట్టింది జైసింగ్‌కే. అతని అల్లుడు సురేందర్ మహబూబాబాద్ పక్క తండాలో ఉంటాడు. పెళ్ళి ఊరేగింపులకు తిప్పే తెల్లగుర్రం ఒకటుంది అతనికి.

"జమేదారు గుర్రమెక్కి పారిపోతడు. యుద్ధమన్నంక గుర్రముండాలె గద?"

"అసలు జమేదారు కాళ్ళ మీదనే ఉరికిండట గదనే."

"గుర్రం దొరకక ఉరికిండు. దొరికితె ఎక్కకపోతుండెనా? గుర్రాన్ని మనిషి అందుకోడు గాబట్టి, నేను గుమ్మం కాడ్నే నిలవడి బరిసె లేపుత. నీ మోకాలు దక్కుతది, నా మోకాలు దక్కుతది."

పాపయ్య కళ్ళ ముందు తెల్లగుర్రం మీద ఖాకీలతో తనే కనిపించాడు. కాదనబుద్ధి కాలేదు. సాయంత్రానికి ఇద్దరూ సురేందర్ ఇంటి ముందు ఉన్నారు. గుర్రం పేరు బిజిలి. బుద్ధిమంతురాలిలా గడ్డి నములుతూ నిలబడి ఉంది.

"బిజిలికి మంది అంటె బెదురు లేదు, పటాకులంటె బెదురు లేదు. ఇగ డప్పంటె పానం పెడ్తది మామా!" అన్నాడు సురేందర్.

ఆ ఆఖరి మాటను ఇద్దరూ పొగడ్తగానే విన్నారు.

యుద్ధం రోజు వచ్చింది. ఎండ వాలుతుండగానే గడి ముందు జనం. డాబాల మీద జనం, అరుగుల మీద ముసలివాళ్ళు, భూపాలపల్లి నుంచి సౌమ్య కూడా వచ్చింది. శ్రావణ్ ఫోను కర్రకు తగిలించుకుని ముందు వరసలో నిలబడ్డాడు. భూపాల్‌రెడ్డి సారు భయం ఇల్లు మారిన సంగతి చెప్పి, మైకు చేత్తోనే పట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. గడి గోడ వెనక తుమ్మల్లో బిజిలి ఉన్నట్టు ముగ్గురికే తెలుసు.

యుద్ధం మొదలైంది. పాపయ్య ఉరిమాడు, పిల్లలు కొంగుల్లో దూరారు. వడిసెలలు తిరిగాయి. పసుపు మబ్బులా లేచింది. జైసింగ్ దళంతో గుమ్మం దాకా దూసుకొచ్చాడు. పాపయ్య ఓరచూపు చూసి, గడిలోకి తగ్గి, సురేందర్ భుజం మీద కాలు పెట్టి బిజిలి వీపు మీదికి పాకాడు. మరుక్షణం గుమ్మంలోంచి తెల్లగుర్రం బయటికి వచ్చింది.

ఊరంతా ఒక్కసారి "అబ్బో" అంది. సారు కుర్చీలోంచి లేచాడు. పాపయ్య జనానికి వీపు తిప్పాడు.

జమేదారు వీపు తిప్పగానే ఇమ్మానుయేల్ జట్టు దెబ్బ మార్చాలి. ఏటా అంతే. డప్పులన్నీ ఒక్కసారిగా గెలుపు దెబ్బ అందుకున్నాయి.

బిజిలి చెవులు నిక్కాయి. ఒక ముందుకాలు పైకెత్తింది. దాన్ని దింపి రెండోది ఎత్తింది. మెడ వంచి, మువ్వలు ఘల్లుమనేలా తల ఊపి, ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతూ ఆట మొదలుపెట్టింది.

"ఉరుకు! నడువ్! తల్లీ, ఉరుకు!" అని పాపయ్య దాని మెడ పట్టుకుని బతిమాలాడు. అది ఇంకా ముచ్చటగా నడుం తిప్పింది. గుర్రం ఆడుతుంటే దెబ్బ ఆపడం ఇమ్మానుయేల్‌కు చేతకాదు. ఎన్ని పెళ్ళిళ్ళు చేశాడో! తెలియకుండానే చేతులు ఊరేగింపు దెబ్బలోకి జారాయి. గీతపని నుంచి నేరుగా వచ్చిన కాటమయ్య తువ్వాలు గాల్లో తిప్పుతూ గుర్రం ముందు రెండు స్టెప్పులు వేశాడు. బరిసెలు పట్టిన దళంలో కొందరి భుజాలు కదిలాయి. డాబాల మీద ఈలలు. ఒకావిడ చేతిలో మిగిలిన పసుపును అక్షింతల్లా విసిరింది.

"మా కాకా పెండ్లికొడుకైండు!" అని శ్రావణ్ పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు.

"ఉరకాలె! జమేదారు ఉరకాలె!" సారు మైకులో మొత్తుకున్నాడు. "పాపయ్యా, ఇది చారిత్రక ఘట్టం! ఇమ్మానుయేలూ, ఆపు! కాటమయ్యా, నువ్వు మన దిక్కోనివి!"

గుర్రం మీద గిరగిరా తిరుగుతున్న పాపయ్యకు ఒక్కో తిరుగుడుకూ ఊరంతా కనబడింది. యాకమ్మ చీపురు పట్టుకుని నోరు తెరుచుకుంది. సౌమ్య కళ్ళు మూసుకుంది. కొంగుల్లో దూరిన పిల్లలు బయటికి వచ్చి చప్పట్లు కొడుతున్నారు. జైసింగ్ బరిసె దించి, తల పట్టుకున్నాడు. జమేదారు గుర్రం మీద ఊరేగుతుంటే జనం ముందు నిలబడి ఆడుతున్నారు. ఇది చాలదా? ఇట్లా ఇంకాసేపు సాగితే గడి గెలిచేస్తుంది. వేషం పోతే పోయింది, యుద్ధం పోయేటట్టుంది.

పాపయ్య కళ్ళు మూసుకుని గుర్రం మీది నుంచి జారాడు. దిగడం కాదది, మూట పడ్డట్టు పడటం. మోకాలు టక్కుమంది. ఎడమ బూటు గౌండ్లవాడ మలుపు దాకా ఆగకుండా బిజిలి కాళ్ళ కిందే ఊడింది. డప్పులు ఆగాయి. పాపయ్య లేచాడు. తలపాగా ఒక చేత్తో పట్టుకున్నాడు. కుడికాలు ఈడుస్తూ, ఎడమకాలితో ఎగురుతూ, ఉరకడం మొదలుపెట్టాడు.

దాన్ని ఉరకడమని అతనొక్కడే అనుకున్నాడు. అతని ముందు నడుస్తున్న కోడి కూడా వెనక్కి తిరిగి చూసింది.

జైసింగ్‌కు అర్థమైంది. బరిసె ఎత్తి గట్టిగా కేకేసి, తన కాలు తను కుంటుతూ వెంటపడ్డాడు. జమేదారు ఒక కుంటు, దళపతి ఒక కుంటు. ఇద్దరి మధ్య దూరం పెరగలేదు, తగ్గలేదు. ఊరంతా ఉన్నచోటే నిలబడి చూస్తోంది. నవ్వాలో వద్దో ఎవరికీ తెలియడం లేదు.

యాకమ్మే ముందు తేరుకుంది. "ఏంది చూస్తున్నరు? పట్టుండ్రి! గీ ఉరుకుడైతె నేను గూడ అందుకుంట!" అని కొంగు నడుముకు చుట్టి, చీపురెత్తి కదిలింది.

ఇన్నేళ్ళూ జమేదారు రయ్యిమని పోయేవాడు. వెంటపడేది కాళ్ళలో బలమున్న పదిమంది కుర్రాళ్ళే. మిగతా ఊరంతా డాబాల మీది నుంచి చూసి ఇంటికి పోయేది. ఈసారి ఆ బాధ లేదు. చీపుళ్ళవాళ్ళు కదిలారు. చంక పిల్లలతో తల్లులు కదిలారు. డాబాలు ఖాళీ అయ్యాయి. ఇమ్మానుయేల్ పాపయ్య కాళ్ళ వైపే చూస్తూ, కుంటుకొక పెద్ద దెబ్బ, గెంతుకొక చిన్న దెబ్బ వేస్తూ నడిచాడు. తొందరపడి ముందుకు పోయేవాళ్ళను వెనకవాళ్ళు చొక్కా పట్టి లాగుతున్నారు. "దాటకుండ్రి, దాటకుండ్రి! వాడు పారిపోతున్నడు, మనం యెనుకుండాలె!" గడి వెనక వైపుకు తిరిగే దారిలో, తన తాత దూకాడన్న చోటు మీదుగా, సారు కూడా మైకు వదిలేసి వచ్చి గుంపులో కలిశాడు. ఆయన ఈ పరుగులో పాల్గొనడం అదే మొదటిసారి.

గౌండ్లవాడ మలుపులో నీలి అవ్వ అరుగు దిగి, కర్ర ఆనించుకుని కాచుకుని ఉంది. "ఇన్నేండ్ల సంది నా ఇంటి ముందటికెళ్ళి దుమ్ము లేపుకుంట పోతివి. నీ మొకమన్న కనవడకపోతుండె!" అని కర్రతో పిర్ర మీద ఒకటి వేసింది.

"అవ్వా, నేను పాపయ్యను! నీ రైకలు కుట్టేది నేనే!"

"అందుకే ఇంకొకటి!" అంది అవ్వ.

ఒర్రె దగ్గరకు వచ్చేసరికి పాపయ్యకు కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. నీళ్ళు మోకాలి లోతు కూడా లేవు. కాని గట్టు నిటారుగా ఉంది. దూకే శక్తి లేదు. జమేదారు ఇవతలే ఉండిపోతే పారిపోయినట్టెట్లా? అతను గట్టు మీద కూర్చుండిపోయాడు. వెనక ఊరంతా ఆగింది. జైసింగ్ రొప్పుతూ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"లేవే పాపన్నా. పారిపో."

"శాతగాదే."

జైసింగ్ ఒక్క క్షణం ఆలోచించి, చేతిలో బరిసెను తిరగేసి అతనికిచ్చాడు. పాపయ్య శత్రువు బరిసెను ఊతకర్రలా పట్టుకుని, పిర్ర మీద జారుతూ గట్టు దిగి, ఒర్రె దాటి, అటువైపు తుమ్మల్లో మాయమయ్యాడు. ఊరు ఊరంతా, అవ్వలతో సహా, గట్టున నిలబడి ఒక్కసారిగా అరిచిన అరుపుకు బిజిలి అంత దూరాన మళ్ళీ కాలెత్తిందట.

మర్నాడు పొద్దున పాపయ్య కొట్లో స్టూలు మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. యాకమ్మ వేడి కాపడం పెడుతూ, నూనె సీసా అతని ముందు టపీమని పెట్టింది.

"మూడేండ్ల సంది కాలుకు దొంగతనంగ నూనె రాస్తుంటె నాకు వాసన రాదనుకున్నవా? మానుకోటకు గుండీలకు పోయిన దర్జీవి, ఒక్క గుండీ తెచ్చినవా?"

"తెలిసి మరెందుకు అడగకపోతివి?"

"నువ్వే చెప్తవని చూసిన. చెప్తె వేషం పోతదని నీ బుగులు. అడిగితె నీ మొకం చిన్నగైతదని నా బుగులు." కాపడం గుడ్డ గట్టిగా నొక్కింది. "వచ్చే వారం మానుకోట పోతున్నం. ఆపరేషన్ చేపిస్తున్న. సౌమ్యకు చెప్పిన."

అంతలో కమిటీ వచ్చింది. భూపాల్‌రెడ్డి సారు గడపలో నిలబడి, రాత్రంతా నిద్రపోకపోయినా వెలిగిపోతున్నాడు. "పాపయ్యా, ఇన్నేండ్లు నేను నోటితోని చెప్పింది నిన్న కండ్ల చూసిన. ఊరంత కదిలింది చూసినవా? అప్పుడు గూడ గిట్లనే అయ్యుంటది! వాడు జోరుగ ఉరికితె పదిమంది పోతుండె. వాని కాలుకు ముల్లో రాయో తాకి మెల్లగైంటది, అందుకే అందరు లేసిండ్రు." ఇక తరువాతి ఏడు ఉపన్యాసం మారబోతోందని అందరికీ అర్థమైంది.

శ్రావణ్ ముందుకు వచ్చాడు. "కాకా, నాకు జమేదారొద్దు. పొద్దుగాల అద్దం ముందట కుంటి చూసిన, వస్తలేదు. నువ్వే చెయ్. గని..." తల గోక్కున్నాడు. "ఆపరేషన్ చేపిచ్చుకుంటున్నవట?"

"అవు. ఏమైంది?"

"చేపిచ్చుకోకు కాకా. మల్ల ఉరుకుతవ్! నీలి అవ్వ పొద్దుట్నుంచి అడుగుతున్నది, మీదికేడు ఎప్పుడని."

సారు కూడా నసిగాడు. "జర ఒక్క యేడు ఆగుతె..."

యాకమ్మ లేచింది. మూల నుంచి నిన్నటి చీపురు అందుకుంది. "మీ యుద్ధం కోసం నా మొగన్ని కుంటోన్ని చేస్తరా?" కమిటీ మొత్తం గడప దిగి రోడ్డు మీద పడింది. అందులో చరిత్ర చెప్పే సారు అందరికంటే ముందున్నాడు.

"ఆగుండ్రి సారూ," అని పాపయ్య లోపలి నుంచి పిలిచాడు. చాపిన కాలు వైపు చూసుకుని, మీసం లేని మూతి మీద వేలితో మెలి తిప్పాడు. "కాలు మంచిగైనా కుంటుత. మూడేండ్ల సంది కుంటికాలుతోని ఎవ్వరికి తెల్వకుంట ఉరికినోన్ని. మంచి కాలుతోని కుంటుడు నాకొక లెక్కనా?"